మూత మీది మాట

గోడకు తగిలించిన తెర మీద ఒక చెక్క మూత కనిపించింది. సామాను పెట్టె మూత. నాలుగు మూలలా మేకులు దిగిన చిల్లులు, మధ్యలో సుద్దతో రాసిన రెండు వరుసలు, సుద్ద చెరిగిపోకుండా వాటి మీద పూసిన వార్నిష్. "బిళ్ళలు పోస్టుకార్డంత లావు ఎక్కువ ఉంచండి. ఇక్కడ అరగదీసుకుంటాం." కింద సంతకం ఉండాల్సిన చోట తొడిమతో సహా ఒక ఆకు బొమ్మ.

సమావేశపు గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. పదమూడు మంది ఆ రాతను చదివారు. ఆకురాయి అక్క ఒక్కతే గుర్తుపట్టింది. ఆ ఆకు తను వేసిందే.

ఆమె రెండు చేతులూ బల్ల కిందికి దించుకుంది. పక్కన కూర్చున్న కోడలు చూస్తుందేమోనని తల తిప్పలేదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, ఎవరో మంచినీళ్ళ సీసా మూత తిప్పుతున్నారు, పెద్ద మేనేజరు ఏదో అంటున్నాడు. అన్నీ వినబడుతున్నాయి గాని ఒక్క మాటకూ అర్థం తగలడం లేదు.

ఆ కర్మాగారంలో నీళ్ళ పంపులు తయారవుతాయి. షాఫ్టు తిరిగితే దాని మీది చక్రం కూడా తిరగాలి. రెండూ ఒకటిగా తిరగడానికి మధ్య గాడిలో వేలెడంత ఉక్కు ముక్క కూర్చుంటుంది. కాగితాల్లో దానికి ఏ పేరున్నా పనిచేసేవాళ్ళు బిళ్ళ అంటారు. బిళ్ళ వదులైతే పంపు గడగడలాడుతుంది, బిగువైతే అసలు ఎక్కనే ఎక్కదు. బిళ్ళలు చేసేది వేరే ఊళ్ళోని ఒక చిన్న కార్ఖానా. చెక్క పెట్టెల్లో వస్తాయి, ఖాళీ పెట్టెలు తిరిగి వెళతాయి. వచ్చిన ప్రతి బిళ్ళా గాడికంటే పోస్టుకార్డు మందం లావుగానే వస్తుంది.

అందుకే ఆఖరి బల్ల ఉంది. ఆ బల్ల ఆమెది. బిళ్ళను బిగించి, ఉక్కును అరగదీసే ఆకురాయితో ఒక పక్క పద్దెనిమిది తోపులు, రెండో పక్క పద్దెనిమిది. పంతొమ్మిదో తోపు కావాలా వద్దా అన్నది కంటితో కాదు, బొటనవేలితో చూస్తుంది. రోజుకు నలభై బిళ్ళలు. పంతొమ్మిదేళ్ళు. ఆమె కూర్చిన పంపు గడగడలాడిందని ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. అసలు పేరు హాజరు పట్టీలోనే మిగిలింది. కర్మాగారం మొత్తానికి ఆమె ఆకురాయి అక్క. ఇంట్లో నాలుగేళ్ళ మనవరాలు కూడా ఆకు నాయనమ్మ అనే పిలుస్తుంది.

ఆరేళ్ళుగా ఆమె కుడిచేతి చివరి రెండు వేళ్ళకు స్పర్శ లేదు. వంటింట్లో వేడి గిన్నె తగిలినా తెలియదు. వాసన వస్తే అప్పుడు చూసుకుంటుంది. దీనికంతటికీ కారణం అవతలి కార్ఖానాలో బిళ్ళలు కోసే మనిషేనని ఆమె నమ్మకం. ఎన్నడూ చూడని ఆ మనిషికి లావు మేస్త్రీ అని పేరు పెట్టింది. పెట్టె విప్పిన ప్రతిసారీ, ఆ మహానుభావుడికి ఇంట్లో చపాతీలైనా సన్నగా ఒత్తడం వచ్చో రాదో అనేది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. ఆ మాట కోసమే పెట్టె విప్పే వేళకు వచ్చేవాళ్ళు కూడా ఉండేవారు.

మూడేళ్ళ కిందట కోడలు అదే బల్లకు వచ్చింది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు గాని, ఈ పిల్లకు ఆ అదృష్టం ఇంట్లోనూ లేదు, పనిలోనూ లేదని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు. కోడలు నవ్వి ఊరుకునేది. పని త్వరగా పట్టుకుంది. రెండో ఏడు తిరిగేసరికి ఆమె అరగదీసిన బిళ్ళకూ అత్త అరగదీసిన బిళ్ళకూ తేడా తెలిసేది కాదు. అయినా ఉద్యోగం ఖాయం కాలేదు. ఏటేటా కాగితం తిరగరాయాల్సిందే.

నిరుడు, రంగులు కలిపే తాత పని మానేశాక రెండు నెలలపాటు పంపుల మీద రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ఆయన డబ్బాలను పొద్దున ఎండలో పెట్టి గాని మూత తీసేవాడు కాదని, ఆ సంగతి ఎక్కడా రాసి లేదని తెలిసేసరికి మూడు లోడ్లు వెనక్కి వచ్చాయి. అప్పుడు యజమానులు ఒక నిర్ణయానికి వచ్చారు. ఇక్కడి పనివాళ్ళకూ, సామాను పంపే కార్ఖానాల వాళ్ళకూ తెలిసినదంతా ఒకే కంప్యూటరు వ్యవస్థలోకి ఎక్కించాలి, అందరూ అందులోనే చూసుకోవాలి. దానికి పొడుగాటి పేరేదో పెట్టారు. పనివాళ్ళు మాత్రం పెద్దబుర్ర అన్నారు.

పెద్దబుర్రకు మేత వేయడానికి చేతిలో పలకలాంటి టాబ్లెట్ పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. రోజంతా ప్రశ్నలే కనక ఆమె ప్రశ్నలమ్మాయి అయింది. ప్రతి పనికీ మూడు గడులు నింపాలి: ఏం చేస్తారు, ఎలా చేస్తారు, ఎందుకు చేస్తారు. ఆఖరి బల్ల దగ్గర నాలుగు రోజులు కూర్చుని మొదటి రెండు గడులూ నింపింది. తోపులు లెక్కపెట్టింది, బొటనవేలిని ఫోటో తీసింది. మూడో గడి దగ్గర ఆగింది. ఎందుకు?

అవతలివాళ్ళకు చేతకాదు కనక, అంది ఆకురాయి అక్క. అలా రాయడం కుదరదనీ, అవతలివాళ్ళను కూడా అడుగుతాననీ ప్రశ్నలమ్మాయి చెప్పింది. అడిగింది. వాళ్ళ మూడో గడిలో జవాబు వచ్చింది: "మీవైపు నుంచి వచ్చిన ఆదేశం. ఫోటో జతచేశాం."

ఇప్పుడు తెర మీద ఉన్నది ఆ ఫోటోయే.

పెద్ద మేనేజరు సంతోషంగా ఉన్నాడు. ఇది పొరపాటున జరుగుతున్నది కాదని, పూర్వం ఎవరో అనుభవజ్ఞులు ఆలోచించి పెట్టిన పద్ధతని ఇప్పుడు తేలిందన్నాడు. ఎవరి రాత అని ఎవరో అడిగారు. అప్పటి మేస్త్రీది అయివుంటుందని ఇంకెవరో అన్నారు. ఆ మేస్త్రీ కాలం చేసి ఎనిమిదేళ్ళయింది. భోజనాల తర్వాత రెండు కార్ఖానాలూ ఆమోదం మీట నొక్కితే బిళ్ళలు అక్కడ లావుగా కోయడం, ఇక్కడ చేత్తో అరగదీయడం స్థిరమైన పద్ధతి అయిపోతుంది. ఆఖరి బల్ల ప్రత్యేక నైపుణ్యం కింద నమోదవుతుంది, కోడలి ఉద్యోగం ఖాయమవుతుంది. మేనేజరు ఆ చివరి మాట కోడలి వైపు చూసి అన్నాడు. కోడలు లేచి నిలబడి నమస్కారం పెట్టింది.

భోజనాల గదిలో ఆకురాయి అక్క డబ్బా ముందు పెట్టుకుని మూత తీయకుండా కూర్చుంది. ఆ సాయంత్రం ఇప్పుడు అంతా గుర్తొస్తోంది. షాఫ్టులకు గాడి కోసే పనిముట్టు అరిగిపోయి నలభై షాఫ్టుల్లో గాడి వెడల్పయింది. వాటిని పారేయడం ఎందుకు, కాస్త లావు బిళ్ళలు తెప్పిస్తే సరిపోతాయి కదా అని అప్పటి మేస్త్రీ అన్నాడు. ఖాళీ పెట్టె మూత మీద ఆమె చేతే రాయించాడు. ఆమె పనిలో చేరి అప్పటికి నెలే, ఆకురాయితో గరుకు అంచులు రుద్దే పని. అవతలివాళ్ళకు తన పేరు తెలియదు కనక సరదాకి ఆకు బొమ్మ వేసింది. ఇటువైపు సుద్ద రాత అంటే ఆ ఒక్క పెట్టెకే. పెట్టె అటు వెళ్ళి వచ్చేసరికి చెరిగిపోతుందని అందరికీ తెలుసు.

ఆ మర్నాడే ఆమె సెలవు పెట్టింది. ఇంట్లో అత్తగారు మంచం పట్టి ఉంది. నెలా పది రోజులు ఆ మంచం పక్కనే గడిచింది. అంతా అయిపోయి తిరిగి వచ్చేసరికి మేస్త్రీ వేరే విభాగానికి వెళ్ళిపోయాడు, నలభై షాఫ్టులూ ఎవరో కూర్చేశారు. బల్ల మీద మామూలు షాఫ్టులున్నాయి, పెట్టెలో లావు బిళ్ళలున్నాయి. వీళ్ళకు కొలత కూడా చేతకాదా అనుకుని ఆకురాయి అందుకుంది.

తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడని ఎవరి గురించైనా అంటే ఆమె నవ్వేది. ఇన్నాళ్ళు పొడుచుకుంటూ అది పక్కవాడి వేలనుకునే మనుషులు కూడా ఉంటారని ఎవరైనా చెప్పినా నమ్మేది కాదు.

"ఏంటత్తయ్యా, డబ్బా తెరవలేదు?" కోడలు వచ్చి ఎదురుగా కూర్చుంది. మొహం వెలిగిపోతోంది.

"ఆ రాత నాది."

"ఏ రాత?"

"మూత మీదిది."

కోడలు మొదట నవ్వింది. అత్త మొహం చూసి ఆపేసింది. ఆకురాయి అక్క గొంతు పెంచకుండా నలభై షాఫ్టుల సంగతి మొత్తం చెప్పింది. కోడలు వింటున్నంతసేపూ చెంచాను అన్నంలో నిలబెట్టి అలాగే పట్టుకుంది.

"అంటే మనం చేసే పని..." అని ఆగింది. "ఎవరికైనా చెప్పారా?"

"నీకే."

"అయితే ఇంకెవరికీ చెప్పకండి. మూడేళ్ళు అరగదీశానత్తయ్యా. ఈ ఒక్క పూట నోరు మూసుకోండి, మీకు దణ్ణం పెడతాను."

"పంతొమ్మిదేళ్ళు మూసుకునే ఉన్నానుగా. ఎందుకు లావుగా పంపుతున్నారయ్యా అని ఒక్కసారి అడిగుంటే పోయేది."

కోడలు తినడం మొదలుపెట్టింది. ఆకురాయి అక్క ఆమె చేతినే చూస్తోంది. చెంచా ఎడమచేతిలో ఉంది.

"అది ఆ చేతిలోకి ఎప్పుడొచ్చింది?"

"ఏది?"

"చెంచా."

"అలవాటైంది."

"చిటికెన వేలు మొద్దుబారుతోందా?"

కోడలు చెంచా కింద పెట్టింది. "పొద్దున లేచాక కాసేపే. మీకూ ఉందిగా. మీరు బతకట్లేదా?"

నాలుగు నెలలుగా ఇంట్లో కోడలు పిల్లను ఎత్తుకోవడం లేదు. పిల్ల చేతులు చాపితే కిందనే కూర్చుని ఒళ్ళోకి లాక్కుంటోంది. మహారాణికి కన్నపిల్ల కూడా బరువైపోయిందని తను వీధి గుమ్మంలో నిలబడి, పక్కింటివాళ్ళకు వినపడేలా అంది. ఒకసారి కాదు. కోడలు ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. చెయ్యి సంగతి చెప్పి ఉంటే ఆ మాట బల్లదాకా వచ్చేది, చెయ్యి బాగాలేనివాళ్ళకు ఉద్యోగం ఎవరు ఖాయం చేస్తారు?

డబ్బా తెరవకుండానే సంచిలో పెట్టేసి ఆమె లేచింది. కోడలు తల ఎత్తలేదు.

సమావేశపు గదిలో ఈసారి తెర మీద అవతలి కార్ఖానా కనిపించింది. లావు మేస్త్రీ మధ్యలో కూర్చున్నాడు. చువ్వలాంటి మనిషి. నెరిసిన తల, ఒక కాడ విరిగితే దారంతో కట్టుకున్న కళ్ళజోడు. ఇన్నేళ్ళూ తన మనసులో బానపొట్టతో తిరిగిన మనిషి ఇతనా అని ఆమె కాసేపు అలాగే చూసింది. మేనేజరు మీట నొక్కబోతున్నాడు.

"ఆ రాత నాదండీ," అంది ఆకురాయి అక్క.

మేనేజరు అది గొప్పగా చెప్పుకుంటున్న మాట అనుకుని చప్పట్లు కొట్టబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. నలభై షాఫ్టుల కోసం రాసిన మాట అనీ, అవి నెలలోపే అయిపోయాయనీ, వద్దని తిరిగి చెప్పడం ఎవరికీ గుర్తులేదనీ, తనకు అసలే గుర్తులేదనీ చెప్పింది. ఎటూ చూడకుండా, ఎదురుగా ఉన్న మంచినీళ్ళ సీసాతో చెబుతున్నట్టు చెప్పింది.

తెరలో లావు మేస్త్రీ ముందుకు వంగాడు. ఆ మూతను గోడకు బిగించింది తన గురువనీ, ఇటువైపు నుంచి వచ్చిన సుద్ద రాతను ఒకసారి చెరిపేసినందుకు లోడంతా వెనక్కి కొట్టారనీ చెప్పాడు. అప్పటి నుంచీ వాళ్ళ దగ్గర ఒక కట్టుబాటు ఉంది. మూత మీద వచ్చిన మాటను మళ్ళీ అటువాళ్ళే వద్దనేదాకా చెరపకూడదు.

"మళ్ళీ ఎవరూ వద్దనలేదమ్మా," అన్నాడు. "అయితే మామూలు కొలత సరిపోయేదా?"

"సరిపోయేది."

అతను కళ్ళజోడు తీసేశాడు. "మా మిషను మామూలు కొలతకు కళ్ళు మూసుకుని కోస్తుంది. ఆ లావు నిలపడానికే మా తిప్పలన్నీ. కొలతకు సరిగ్గా వచ్చినవన్నీ పనికిరావని ఏరి తుక్కులో పడేశాం."

ఒక మూల ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

"మిమ్మల్ని రోజూ తిట్టుకునేదాన్ని," అంది ఆమె.

"మేం మాత్రం తక్కువ తిన్నామా? పోస్టుకార్డు మహాతల్లి అనేవాళ్ళం మిమ్మల్ని."

ఎవరికీ నవ్వు రాలేదు. ప్రశ్నలమ్మాయి పలక మీద రోజుకు నలభై బిళ్ళల లెక్కను రోజులతో, రోజుల్ని ఏళ్ళతో గుణించబోతోంది. ఆకురాయి అక్క చెయ్యి చాచి, స్పర్శ లేని ఆ రెండు వేళ్ళూ ఆనేలా, పలక మీద అరచెయ్యి పెట్టింది. "వద్దమ్మా. లెక్కపెట్టకు."

పెద్ద మేనేజరు మీట మీది నుంచి వేలు ఎప్పుడో తీసేశాడు. తెర వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు.

"మీ గోడ మీద ఇలాంటి మూతలు ఇంకా ఉన్నాయా?"

లావు మేస్త్రీ కెమెరాను పట్టుకుని పక్కకు తిప్పాడు. గోడ పొడవునా, పెద్దల ఫోటోలు వరుసగా తగిలించినట్టు, వార్నిష్ మెరుస్తూ మూతలున్నాయి. ఎవరో మెల్లగా లెక్కపెట్టారు. పదకొండు. ఒక్కొక్కటీ ఒక్కో చేతిరాత. ఒకదాని మీద రంగుల తాత వేసే అడ్డగీత గుర్తు ఉంది. "అన్నీ పాటిస్తున్నాం," అన్నాడు అతను. ఆ గొంతులో ఇప్పుడు భయం ఉంది.

ఆ సాయంత్రం మూడో గడి నింపేటప్పుడు ప్రశ్నలమ్మాయి, మీ మాటల్లోనే చెప్పండి అంది. ఆకురాయి అక్క చెప్పింది, ఆ అమ్మాయి అక్షరం మార్చకుండా ఎక్కించింది. "నలభై షాఫ్టుల కోసం. అవి అయిపోయాయి. చెప్పడం మరిచిపోయాం, అడగడమూ మరిచిపోయాం."

మిగతా పది మూతల వెనక ఉన్న మనుషులెవరో, ఎందుకు రాశారో కనుక్కునే పని ఆమెకు అప్పగించారు. కోడలిని గేటు దగ్గర వచ్చిన సామాను కొలిచే చోటికి మార్చారు. ఉద్యోగం ఖాయం సంగతి తర్వాత చూద్దామన్నారు. తర్వాత అంటే ఎప్పుడో ఎవరూ అడగలేదు. ఇంట్లో కోడలు ఉప్పు, తలుపు, పాలు అనే మాటలు తప్ప అత్తతో ఏమీ మాట్లాడలేదు. కొడుకు మధ్యలో పడి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. వీధి గుమ్మంలో నిలబడి ఆకురాయి అక్క పక్కింటామెతో, కోడలి గురించి నేనన్నవన్నీ తప్పమ్మా అంది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

మామూలు కొలత బిళ్ళల మొదటి పెట్టె నాలుగో వారంలో వచ్చింది. గేటు దగ్గర కోడలు కొలిచింది. కొలిచి, రెండు బిళ్ళలు అరచేతిలో పట్టుకుని తనే ఆఖరి బల్లకు నడిచి వచ్చింది. బల్ల ఇంకా తీసేయలేదు. ఆకురాయి మేకుకు వేలాడుతోంది.

షాఫ్టును బిగించి ఆకురాయి అక్క ఒక బిళ్ళ తీసుకుంది. అలవాటు కొద్దీ రెండో చెయ్యి మేకు వైపు వెళ్ళింది. దాన్ని వెనక్కి తెచ్చుకుంది. బిళ్ళను గాడి మీద పెట్టి ఊరికే ఉండిపోయింది.

కోడలు ముందుకు వచ్చి తన బొటనవేలితో నొక్కింది. బిళ్ళ చిన్న చప్పుడు చేసి గాడిలోకి దిగిపోయింది. ఊపి చూసింది. కదల్లేదు.

చుట్టుపక్కల బల్లల దగ్గర పని ఆగిపోయింది. కోడలు ఆ బిళ్ళనూ, అత్త చేతినీ, మళ్ళీ ఆ బిళ్ళనూ చూసింది.

"ఇంతేనా అత్తయ్యా?"

"ఇంతేనమ్మా," అంది ఆకురాయి అక్క. తను అన్న మాట తనకే నమ్మకం కుదరనట్టు, రెండో బిళ్ళను తనే అందుకుంది.